జార్జ్ స్టాలింగ్స్

జార్జ్ ట్వీడీ స్టాలింగ్స్ (1867 నవంబర్ 17 - 1929 మే 13) అమెరికా సంయుక్త రాష్ట్రాలకు చెందిన బేస్‌బాల్ క్రీడాకారుడు మరియు మేనేజరు. ఆటగాడిగా ఇతడు మేజర్ లీగులలో ఆడినవి కేవలం 7 ఆటలు. మేనేజరుగా మాత్రం 13 సీజన్లలో నాలుగు జట్లను నడిపించాడు. 1914వ సంవత్సరంలో ఇతని ఆధ్వర్యంలోని బోస్టన్ బ్రేవ్స్ జట్టు జూలై 4 నాటికి నేషనల్ లీగ్‌లో అట్టడుగున ఉండి, సీజన్ మధ్యలో ఆటగాళ్ళను మార్చుకుంటూ పుంజుకొని, లీగ్ విజేతగా నిలిచి, వరల్డ్ సీరీస్‌ను కూడా గెలుచుకుంది. బేస్‌బాల్ చరిత్రలో ఆ జట్టును మిరకిల్ బ్రేవ్స్ అనీ, స్టాలింగ్స్‌ను మిరకిల్ మ్యాన్ అనీ వ్యవహరిస్తారు. అయితే ఆ విజయం వెనుక అద్భుతం కంటే ఎక్కువగా ఉన్నది, ఇతర జట్లు వద్దనుకున్న ఆటగాళ్ళను ఏరి తెచ్చి వారి శక్తికి తగిన చోట వాడుకున్న ఇతని పనితీరు.

బాల్యం, విద్యాభ్యాసం

స్టాలింగ్స్ 1867 నవంబర్ 17న జార్జియా రాష్ట్రంలోని అగస్టా పట్టణంలో జన్మించాడు. అమెరికా అంతర్యుద్ధం ముగిసి అప్పటికి రెండేళ్ళే అయింది. ఇతడు వర్జీనియా మిలిటరీ ఇన్‌స్టిట్యూట్‌లో చదివాడు. ఆ కాలంలో వృత్తి బేస్‌బాల్ ఆటగాళ్ళలో కళాశాల చదువు ఉన్నవారు తక్కువ. చదువు పూర్తయిన తరువాత ఇతడు క్యాచర్‌గా వృత్తి బేస్‌బాల్‌లో ప్రవేశించాడు.

ఆటగాడిగా

ఇతడు 1890లో బ్రూక్లిన్ జట్టు తరపున నేషనల్ లీగ్‌లో అడుగుపెట్టాడు. ఆ ఏడాది బ్రూక్లిన్ లీగ్ విజేత అయినా స్టాలింగ్స్‌కు 4 ఆటలలోనే అవకాశం దక్కింది. మళ్ళీ 1897, 1898 సంవత్సరాలలో తాను మేనేజరుగా ఉన్న ఫిలడెల్ఫియా జట్టుకు మరో 3 ఆటలు ఆడాడు. మొత్తం 20 సార్లు బ్యాటింగ్ చేసి 2 హిట్లు మాత్రమే సాధించాడు. ఆటగాడిగా తనకు పెద్ద భవిష్యత్తు లేదని తేలిపోవడంతో జట్లను నడపడం వైపు మళ్ళాడు.

బేస్‌బాల్‌లో మేనేజరు పాత్ర

క్రికెట్‌లో మైదానంలోని నిర్ణయాలు ఎక్కువగా కెప్టెన్‌వి. బేస్‌బాల్‌లో ఆ అధికారం మేనేజరుది. తొమ్మిది మందిలో ఎవరు ఆడాలి, ఏ వరుసలో బ్యాటింగ్ చేయాలి, పిచర్‌ను (క్రికెట్‌లో బౌలర్ వంటి ఆటగాడు) ఎప్పుడు మార్చాలి అన్నవి అతడే నిర్ణయిస్తాడు. స్టాలింగ్స్ కాలంలో ఏ ఆటగాడిని కొనాలి, ఎవరిని వదులుకోవాలి అన్న విషయంలో కూడా మేనేజరు మాటకు విలువ ఉండేది.

ఆ రోజుల్లో ఒక్కో జట్టు సీజన్‌కు 154 ఆటలు ఆడేది. ఏప్రిల్ నుండి అక్టోబర్ వరకు దాదాపు ప్రతిరోజూ ఆట ఉండేది. ఆటగాడు తనంతట తాను జట్టు మారే వీలు లేదు. ఒప్పందంలోని రిజర్వ్ నిబంధన ప్రకారం అతనిపై హక్కు యజమానిదే. కనుక సీజన్ మధ్యలో జట్టును మార్చుకోవాలంటే ఒక ఆటగాడిని ఇచ్చి మరొకరిని తెచ్చుకోవడం, లేదా డబ్బు పెట్టి కొనడం, లేదా ఇతర జట్లు వదిలివేసిన వారిని తీసుకోవడం మాత్రమే మార్గాలు.

తొలి మేనేజరు పదవులు

ఫిలడెల్ఫియా, డెట్రాయిట్

స్టాలింగ్స్ 1897లో ఫిలడెల్ఫియా ఫిల్లీస్ మేనేజరు అయ్యాడు. జట్టు 55 ఆటలు గెలిచి 77 ఓడి, 12 జట్లలో పదవ స్థానంలో నిలిచింది. ఇతని కఠినమైన మాట తీరు, మందలింపులు ఆటగాళ్ళకు సహించరానివయ్యాయి. 1898 జూన్‌లో ఆటగాళ్ళు మూకుమ్మడిగా ఎదురుతిరగడంతో యాజమాన్యం ఇతనిని తొలగించి బిల్ షెట్స్‌లైన్‌ను నియమించింది. అప్పటికి జట్టు 19 గెలిచి 27 ఓడింది.

తరువాత ఇతడు వెస్టర్న్ లీగ్‌లోని డెట్రాయిట్ జట్టును చేపట్టాడు. ఆ లీగే అమెరికన్ లీగ్‌గా మారి 1901లో మేజర్ లీగ్ హోదా పొందింది. అలా డెట్రాయిట్ టైగర్స్ జట్టుకు మేజర్ లీగ్‌లో తొలి మేనేజరు స్టాలింగ్స్ అయ్యాడు. 1901 ఏప్రిల్ 25న జరిగిన తొలి ఆటలో డెట్రాయిట్ చివరి ఇన్నింగ్స్ మొదలయ్యేసరికి మిల్వాకీ కంటే 4-13తో వెనుకబడి ఉంది. ఆ ఒక్క ఇన్నింగ్స్‌లో 10 పరుగులు చేసి 14-13తో గెలిచింది. ఆ సీజన్‌లో జట్టు మూడవ స్థానం పొందింది.

బఫెలో

1902 నుండి 1906 వరకు ఇతడు ఈస్టర్న్ లీగ్‌లోని బఫెలో జట్టును నడిపి 1904, 1906 సంవత్సరాలలో లీగ్ విజేతగా నిలిపాడు. మైనర్ లీగ్ జట్లలో సీజన్ మధ్య మార్పులు నిత్యకృత్యం. బాగా ఆడినవారిని పెద్ద జట్లు తీసుకుపోతాయి. పెద్ద జట్లలో ఇమడలేనివారు తిరిగి వస్తారు. ఉన్నవారితో సర్దుకొని జట్టును నిలబెట్టవలసిన ఇటువంటి వాతావరణంలో ఇతడు అనేక సంవత్సరాలు పనిచేశాడు.

న్యూయార్క్

1909లో ఇతడు అమెరికన్ లీగ్‌లోని న్యూయార్క్ హైలాండర్స్ (తరువాతి కాలంలో యాంకీస్) మేనేజరుగా నియమితుడయ్యాడు. అంతకు ముందు ఏడాది అట్టడుగున ఉన్న ఆ జట్టు 1909లో ఐదవ స్థానానికి ఎగబాకింది. సొంత మైదానమైన హిల్‌టాప్ పార్కులో ప్రత్యర్థి క్యాచర్ సైగలను దూరం నుండి గమనించి తమ బ్యాటర్లకు చేరవేసే ఏర్పాటు చేశారన్న ఆరోపణ ఆ ఏడాదే ఇతనిపై వచ్చింది.

1910లో జట్టు రెండవ స్థానం కోసం పోటీపడుతుండగా, మొదటి బేస్ ఆటగాడు హాల్ ఛేజ్ కావాలని సరిగా ఆడడం లేదని స్టాలింగ్స్ బహిరంగంగా ఆరోపించాడు. యజమాని ఫ్రాంక్ ఫారెల్, లీగ్ అధ్యక్షుడు బ్యాన్ జాన్సన్ ఛేజ్ పక్షం వహించారు. సెప్టెంబర్‌లో స్టాలింగ్స్ తప్పుకోగా ఆ పదవి ఛేజ్‌కే దక్కింది. జూదగాళ్ళతో కలిసి ఆటలను ఓడిపోయేలా చేశాడన్న ఆరోపణలతో ఛేజ్ వృత్తి జీవితం 1919 తరువాత ముగిసిపోవడంతో, స్టాలింగ్స్ అనుమానం నిరాధారం కాదని చాలామంది చరిత్రకారులు భావించారు. స్టాలింగ్స్ మాత్రం 1911, 1912 సంవత్సరాలలో మళ్ళీ బఫెలోలోనే పనిచేయవలసి వచ్చింది.

బోస్టన్ బ్రేవ్స్

నేషనల్ లీగ్‌లోని బోస్టన్ జట్టు 1909 నుండి 1912 వరకు వరుసగా నాలుగేళ్ళు ఎనిమిదవ, అనగా చివరి స్థానంలో నిలిచింది. ఆ నాలుగు సీజన్లలో ప్రతిసారీ వందకు తగ్గకుండా ఓటములు చవిచూసింది. న్యూయార్క్‌కు చెందిన జేమ్స్ గాఫ్నీ జట్టు యజమాని అయిన తరువాత 1912లో దానికి బ్రేవ్స్ అనే పేరు వచ్చింది. గాఫ్నీ 1913 సీజన్‌కు స్టాలింగ్స్‌ను మేనేజరుగా తెచ్చాడు.

స్టాలింగ్స్ వచ్చీరాగానే జట్టును ప్రక్షాళన చేయడం మొదలుపెట్టాడు. పిచర్లు డిక్ రుడాల్ఫ్, బిల్ జేమ్స్ 1913లోనే మైనర్ లీగుల నుండి వచ్చారు. ఎడమచేతి పిచర్ లెఫ్టీ టైలర్, క్యాచర్ హ్యాంక్ గౌడీ, పొట్టివాడైన షార్ట్‌స్టాప్ ర్యాబిట్ మారన్‌విల్ అప్పటికే జట్టుతో సంబంధం ఉన్నవారు. పిచర్లకు శిక్షణ ఇచ్చే పనిని ఫ్రెడ్ మిచెల్ చూసేవాడు. 1913లో జట్టు 69 ఆటలు గెలిచి ఐదవ స్థానంలో నిలిచింది. నాలుగేళ్ళుగా చివరి స్థానం తప్ప ఎరుగని నగరానికి అదే గొప్ప మార్పు.

1914 ఫిబ్రవరిలో షికాగో కబ్స్ తమ మేనేజరు మరియు రెండవ బేస్ ఆటగాడు జానీ ఎవర్స్‌ను మేనేజరు పదవి నుండి తొలగించింది. కొత్తగా పోటీకి వచ్చిన ఫెడరల్ లీగ్ అతనిని ఆకర్షించే ప్రయత్నం చేయడంతో, నేషనల్ లీగ్ పెద్దలు కల్పించుకొని అతడు బోస్టన్‌కు వెళ్ళేలా చూశారు. బదులుగా బిల్ స్వీనీ షికాగోకు వెళ్ళాడు. ముక్కోపి అయినా ఆటను లోతుగా ఎరిగిన ఎవర్స్‌ను స్టాలింగ్స్ జట్టు కెప్టెన్‌గా చేశాడు.

1914 సీజన్

ఆరంభం

ఇన్ని సన్నాహాలు చేసినా సీజన్ దారుణంగా మొదలైంది. మొదటి 22 ఆటలలో బ్రేవ్స్ 4 మాత్రమే గెలిచి 18 ఓడింది. జూలై 4న బ్రూక్లిన్‌తో ఒకేరోజు జరిగిన రెండు ఆటలూ ఓడిపోవడంతో 26 విజయాలు, 40 ఓటములతో ఎనిమిదవ స్థానంలో మిగిలింది. మొదటి స్థానంలో జాన్ మెక్‌గ్రా నడుపుతున్న న్యూయార్క్ జెయింట్స్ ఉంది. బ్రేవ్స్ ఆ జట్టు కంటే 15 ఆటలు వెనుకబడింది. (రెండు జట్ల విజయాల తేడాను, ఓటముల తేడాను కలిపి సగం చేస్తే వచ్చే సంఖ్యను వెనుకబడిన ఆటలు అంటారు.) కొన్ని రోజులకే బఫెలోలో జరిగిన ఒక ప్రదర్శన ఆటలో మైనర్ లీగ్ జట్టు చేతిలో కూడా బ్రేవ్స్ ఓడిపోయింది.

ఈ అంకెలను విడదీసి చూస్తే ఒక విషయం తెలుస్తుంది. మొదటి 22 ఆటలను పక్కన పెడితే, ఆ తరువాత జూలై 4 వరకు జరిగిన 44 ఆటలలో బ్రేవ్స్ 22 గెలిచి 22 ఓడింది. అంటే పతనం అప్పటికే ఆగిపోయింది. పాత ఓటముల భారం వల్ల అది పట్టికలో కనబడలేదు. పైగా జెయింట్స్ తప్ప మిగిలిన జట్లు ఒకదానికొకటి దగ్గరగా ఉండడం వల్ల కొద్ది విజయాలతోనే అనేక స్థానాలు ఎగబాకే వీలుంది.

సీజన్ మధ్యలో మార్పులు

బ్రేవ్స్ ఇన్‌ఫీల్డ్‌లో మొదటి బేస్ వద్ద బుచ్ ష్మిట్, రెండవ బేస్ వద్ద ఎవర్స్, షార్ట్‌స్టాప్ స్థానంలో మారన్‌విల్ స్థిరపడ్డారు. లోపం ఔట్‌ఫీల్డ్‌లోనూ మూడవ బేస్ వద్దనూ ఉంది. పేరున్న ఆటగాళ్ళను కొనడం కంటే తనకు కావలసిన పనికి సరిపోయేవారిని తేవడానికే స్టాలింగ్స్ మొగ్గు చూపాడు. ముఖ్యమైన మార్పులు ఇవి:

* జూన్ చివరలో పిచర్ హబ్ పెర్డ్యూను సెయింట్ లూయిస్ కార్డినల్స్‌కు ఇచ్చి ఔట్‌ఫీల్డర్లు పాసమ్ విటెడ్, టెడ్ క్యాథర్‌లను తీసుకున్నారు. పెర్డ్యూ 1913లో బోస్టన్ తరపున 16 ఆటలు గెలిచినవాడు. 1914లో మాత్రం రాణించలేదు.
* జూలై మొదట్లో ఫిలడెల్ఫియా ఫిల్లీస్ నుండి జోష్ డెవోర్ వచ్చాడు. ఒకప్పుడు జెయింట్స్‌లో ప్రధాన ఆటగాడైన ఇతడు 1913 నుండి జట్ల మధ్య తిరుగుతూ ఉన్నాడు.
* ఆగస్టు 10న మూడవ బేస్ ఆటగాడు రెడ్ స్మిత్‌ను బ్రూక్లిన్ నుండి కొన్నారు.
* ఆగస్టులోనే సిన్సినాటి జట్టు నుండి ఔట్‌ఫీల్డర్ హెర్బీ మోరన్‌ను తెచ్చారు.

వీరిలో ఎవరూ అప్పటికి గొప్ప తారలు కారు. వారిని పంపిన జట్లు పెద్దగా చింతించనూ లేదు. జట్టు ఓడుతున్నప్పుడు సగం మందిని ఒకేసారి మార్చడం మేనేజర్లకు కలిగే సహజమైన కోరిక. స్టాలింగ్స్ అలా చేయక, బాగున్న ఇన్‌ఫీల్డ్‌ను, ముగ్గురు పిచర్లను కదపకుండా బలహీనంగా ఉన్న చోట్లనే మార్చాడు.

ప్లాటూన్ పద్ధతి

బేస్‌బాల్‌లో సాధారణంగా ఎడమచేతి బ్యాటర్ కుడిచేతి పిచర్‌ను, కుడిచేతి బ్యాటర్ ఎడమచేతి పిచర్‌ను మెరుగ్గా ఎదుర్కొంటారు. తన వైపు నుండి దూరంగా వెళ్ళే బంతి కంటే లోపలికి వచ్చే బంతిని చూసి కొట్టడం తేలిక కావడమే దీనికి కారణం. స్టాలింగ్స్ తన ఔట్‌ఫీల్డ్‌ను ఈ సూత్రం మీద నడిపాడు. ప్రత్యర్థి కుడిచేతి పిచర్‌ను దింపితే జో కానలీ, మోరన్, డెవోర్, లారీ గిల్బర్ట్ వంటి ఎడమచేతివారిని, ఎడమచేతి పిచర్‌ను దింపితే క్యాథర్, లెస్ మాన్, విటెడ్ వంటి కుడిచేతివారిని ఆడించేవాడు. విడివిడిగా చూస్తే సగటు ఆటగాళ్ళయిన వీరు ఇద్దరిద్దరు కలిసి ఒక మంచి ఆటగాడితో సమానమయ్యారు.

ఈ ఉపాయం అంతకు ముందు అక్కడక్కడ వాడబడినదే. అయితే దానిని ఒక సీజన్ పొడవునా క్రమపద్ధతిలో అమలుచేసి గెలుపు సాధించినవాడుగా స్టాలింగ్స్‌కు పేరు వచ్చింది. దీనికి ప్లాటూన్ అనే పేరు తరువాతి కాలంలో స్థిరపడింది.

పట్టికలో పైకి

జూలై 19న బ్రేవ్స్ చివరి స్థానం నుండి బయటపడింది. రెండు రోజులకే నాలుగవ స్థానానికి చేరింది. రుడాల్ఫ్, జేమ్స్, టైలర్ వంతులవారీగా పిచింగ్ చేస్తూ ప్రత్యర్థులను తక్కువ పరుగులకే కట్టడి చేశారు. ఆ సీజన్ మొత్తంలో రుడాల్ఫ్ 26, జేమ్స్ 26, టైలర్ 16 ఆటలు గెలిచారు. జట్టు గెలిచిన 94 ఆటలలో 68 ఈ ముగ్గురివే.

ఆగస్టు 13 నుండి 15 వరకు న్యూయార్క్‌లోని పోలో గ్రౌండ్స్‌లో జెయింట్స్‌తో జరిగిన మూడు ఆటలనూ బ్రేవ్స్ గెలుచుకుంది. చివరి ఆటలో టైలర్ 10 ఇన్నింగ్స్ పాటు జెయింట్స్‌కు ఒక్క పరుగు కూడా ఇవ్వలేదు. ఓడిన పిచర్ ఆ కాలపు మేటి క్రిస్టీ మాథ్యూసన్. అప్పటి నుండి జెయింట్స్ ఆధిక్యం కరిగిపోవడం మొదలైంది. సెప్టెంబర్ 2న బ్రేవ్స్ మొదటి స్థానానికి చేరింది. బోస్టన్‌లోని పాత సౌత్ ఎండ్ గ్రౌండ్స్ ప్రేక్షకులకు చాలకపోవడంతో, అదే నగరంలోని అమెరికన్ లీగ్ జట్టు రెడ్ సాక్స్ తమ ఫెన్‌వే పార్కును బ్రేవ్స్‌కు వాడుకోవడానికి ఇచ్చింది.

సెప్టెంబర్ 7 నాటి ఆటలు

సెప్టెంబర్ 7న కార్మిక దినోత్సవం నాడు ఫెన్‌వే పార్కులో జెయింట్స్‌తో ఉదయం ఒకటి, మధ్యాహ్నం ఒకటి చొప్పున రెండు ఆటలు జరిగాయి. రెండు ఆటలకు కలిపి 70 వేలకు పైగా ప్రేక్షకులు వచ్చారు. రెండు జట్లూ అప్పుడు సమఉజ్జీగా ఉన్నాయి. ఉదయపు ఆటలో మాథ్యూసన్ పిచింగ్ చేస్తుండగా చివరి ఇన్నింగ్స్ వచ్చేసరికి జెయింట్స్ 4-3తో ముందుంది. డెవోర్ మొదటి బేస్ చేరాడు. మోరన్ కొట్టిన బంతి మైదానం అంచున నిలబడిన జనంలోకి వెళ్ళింది. తరువాత ఎవర్స్ హిట్‌తో ఇద్దరూ పరుగులు పూర్తిచేయగా బ్రేవ్స్ 5-4తో గెలిచింది. ఆ పరుగులు చేసిన డెవోర్, మోరన్ ఇద్దరూ సీజన్ మధ్యలో వచ్చినవారే.

మధ్యాహ్నపు ఆటను జెయింట్స్ 10-1తో గెలిచింది. ఆ ఆటలో జెయింట్స్ ఆటగాడు ఫ్రెడ్ స్నాడ్‌గ్రాస్‌కు, టైలర్‌కు మధ్య వివాదం రేగింది. ప్రేక్షకులు స్నాడ్‌గ్రాస్‌పై సీసాలు విసిరారు. బోస్టన్ మేయర్ జేమ్స్ కర్లీ స్వయంగా మైదానంలోకి దిగి అతనిని బయటకు పంపాలని కోరాడు. మరుసటి రోజు జేమ్స్ పిచింగ్‌తో బ్రేవ్స్ 8-3తో గెలిచి మొదటి స్థానం దక్కించుకుంది. ఇక ఆ స్థానాన్ని వదలలేదు. సెప్టెంబర్ 9న జట్టులోని మరో పిచర్ జార్జ్ డేవిస్ ఫిలడెల్ఫియాపై ప్రత్యర్థికి ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా ఆట ముగించాడు.

జూలై 4 తరువాత ఆడిన ఆటలలో బ్రేవ్స్ 68 గెలిచి 19 మాత్రమే ఓడింది. 94 విజయాలు, 59 ఓటములతో సీజన్ ముగించింది. రెండవ స్థానంలోని జెయింట్స్ 84 గెలిచి 70 ఓడింది. జూలైలో 15 ఆటలు వెనుకబడిన జట్టు చివరికి పదిన్నర ఆటల తేడాతో విజేత అయింది. జూలై 4న చివరి స్థానంలో ఉండి లీగ్ గెలిచిన తొలి జట్టు ఇదే. ఉత్తమ ఆటగాడికి ఇచ్చే చామర్స్ పురస్కారం ఆ ఏడాది నేషనల్ లీగ్‌లో ఎవర్స్‌కు లభించింది.

1914 వరల్డ్ సీరీస్

వరల్డ్ సీరీస్‌లో బ్రేవ్స్ ప్రత్యర్థి కాన్నీ మాక్ నడిపిన ఫిలడెల్ఫియా అథ్లెటిక్స్. ఆ జట్టు 1910, 1911, 1913 సంవత్సరాలలో వరల్డ్ సీరీస్ గెలిచినది. అథ్లెటిక్స్‌కే గెలుపు ఖాయమని ఎక్కువమంది అనుకున్నారు. పైగా సీజన్ ఆఖరి దినాలలో, అక్టోబర్ 6న బ్రూక్లిన్‌లో ఆడుతూ రెడ్ స్మిత్ కాలు విరగ్గొట్టుకున్నాడు. ఆగస్టు నుండి మూడవ బేస్‌ను నిలబెట్టిన ఆటగాడు సీరీస్‌కు దూరమయ్యాడు. స్మిత్ రాకతో తన స్థానం కోల్పోయిన చార్లీ డీల్‌నే స్టాలింగ్స్ మళ్ళీ ఆడించవలసి వచ్చింది.

* మొదటి ఆట (అక్టోబర్ 9, ఫిలడెల్ఫియా): రుడాల్ఫ్ పిచింగ్‌తో బ్రేవ్స్ 7-1తో గెలిచింది. అథ్లెటిక్స్ పిచర్ చీఫ్ బెండర్ ఆట మధ్యలోనే తప్పుకోవలసి వచ్చింది.
* రెండవ ఆట (అక్టోబర్ 10, ఫిలడెల్ఫియా): జేమ్స్, ఎడ్డీ ప్లాంక్ ఇద్దరూ ఎనిమిది ఇన్నింగ్స్ వరకు పరుగు ఇవ్వలేదు. తొమ్మిదవ ఇన్నింగ్స్‌లో డీల్ రెండు బేస్‌ల హిట్ కొట్టి, మూడవ బేస్ దొంగిలించి, మాన్ కొట్టిన హిట్‌తో పరుగు పూర్తిచేశాడు. బ్రేవ్స్ 1-0తో గెలిచింది.
* మూడవ ఆట (అక్టోబర్ 12, బోస్టన్): 12 ఇన్నింగ్స్ సాగింది. గౌడీ హిట్ కొట్టగా అతని బదులు పరుగెత్తడానికి మాన్ వచ్చాడు. మోరన్ మెల్లగా ఆడిన బంతిని పిచర్ బుష్ గురితప్పి విసరడంతో మాన్ గెలుపు పరుగు చేశాడు. స్కోరు 5-4.
* నాల్గవ ఆట (అక్టోబర్ 13, బోస్టన్): ఎవర్స్ హిట్‌తో రెండు పరుగులు వచ్చాయి. రుడాల్ఫ్ పిచింగ్‌తో బ్రేవ్స్ 3-1తో గెలిచింది.

వరల్డ్ సీరీస్‌ను వరుసగా నాలుగు ఆటలలో ముగించడం అదే మొదటిసారి. రుడాల్ఫ్, జేమ్స్ చెరి రెండు ఆటలు గెలిచారు. గౌడీ 0.545 సగటుతో బ్యాటింగ్ చేశాడు. ఓటమి తరువాత కాన్నీ మాక్ తన జట్టులోని ముఖ్యమైన ఆటగాళ్ళను వదులుకోగా, 1915లో అథ్లెటిక్స్ 109 ఆటలు ఓడి చివరి స్థానానికి పడిపోయింది.

తరువాతి సంవత్సరాలు

1914 తరువాత స్టాలింగ్స్ మళ్ళీ లీగ్ విజేత కాలేకపోయాడు. ఆ శీతాకాలంలో విటెడ్‌ను మరో ఆటగాడితో కలిపి ఫిలడెల్ఫియా ఫిల్లీస్‌కు ఇచ్చి, ప్రసిద్ధ బ్యాటర్ షెర్రీ మగీని తీసుకున్నారు. 1915లో లీగ్ గెలిచినది ఫిల్లీస్. ఆ జట్టు ఔట్‌ఫీల్డ్‌లో విటెడ్ ఉన్నాడు. బ్రేవ్స్ 7 ఆటల వెనుక రెండవ స్థానంలో నిలిచింది. 26 ఆటలు గెలిచిన జేమ్స్ భుజం దెబ్బతిని 1915 నుండి దాదాపుగా ఆటకు దూరమయ్యాడు. గాయాల కారణంగా ఎవర్స్ కూడా ఆ సీజన్‌లో చాలా ఆటలు ఆడలేదు.

1915 ఆగస్టులో కొత్త మైదానం బ్రేవ్స్ ఫీల్డ్ ప్రారంభమైంది. 1916 ఆరంభంలో గాఫ్నీ జట్టును అమ్మివేశాడు. ఆ ఏడాది బ్రేవ్స్ 89 ఆటలు గెలిచి, విజేత బ్రూక్లిన్ కంటే 4 ఆటల వెనుక మూడవ స్థానంలో నిలిచింది. 1917లో ఎవర్స్ జట్టును వీడాడు. అదే ఏడాది గౌడీ సైన్యంలో చేరాడు; మొదటి ప్రపంచ యుద్ధ సమయంలో మేజర్ లీగ్ ఆటగాళ్ళలో సైన్యంలో చేరిన మొదటివాడు అతడే. తరువాతి నాలుగు సీజన్లలో బ్రేవ్స్ ఆరవ, ఏడవ స్థానాలకే పరిమితమైంది. మంచి ఆటగాళ్ళు పోతున్నా వారి స్థానంలో కొత్తవారిని కొనడానికి కొత్త యాజమాన్యం వద్ద తగిన డబ్బు లేదు. 1920 సీజన్ తరువాత స్టాలింగ్స్ రాజీనామా చేశాడు. ఇతని స్థానంలో ఫ్రెడ్ మిచెల్ వచ్చాడు.

1921 నుండి 1927 వరకు ఇతడు ఇంటర్నేషనల్ లీగ్‌లోని రాచెస్టర్ జట్టును నిర్వహించాడు. 1921, 1922, 1923 సంవత్సరాలలో రాచెస్టర్ వరుసగా రెండవ స్థానంలో నిలిచింది. ఆ మూడుసార్లూ విజేత జాక్ డన్ నడిపిన బాల్టిమోర్ జట్టు. 1928లో కెనడాలోని మాంట్రియల్ నగరంలో రాయల్స్ జట్టును పునరుద్ధరించడంలో పాలుపంచుకొని, దానికి మేనేజరుగా వ్యవహరించాడు. జాకీ రాబిన్సన్ 1946లో ఆడినది ఈ మాంట్రియల్ రాయల్స్ జట్టుకే.

స్వభావం, నమ్మకాలు

మైదానం వెలుపల స్టాలింగ్స్ మర్యాదస్తుడు, చక్కగా దుస్తులు ధరించేవాడు. ఆట సమయంలో కూడా జట్టు యూనిఫారం కాక మామూలు సూటు వేసుకొని డగౌట్‌లో కూర్చునేవాడు. ఆట మొదలయ్యాక మాత్రం పరుషమైన తిట్లతో తన ఆటగాళ్ళను దండించేవాడు. 1898లో ఫిలడెల్ఫియా ఆటగాళ్ళ తిరుగుబాటుకు కారణమైన ఆ నోరే 1914లో బోస్టన్ ఆటగాళ్ళ మీద కూడా పనిచేసింది. అయితే ఎవర్స్, మారన్‌విల్ వంటి పట్టుదల గలవారు దానిని పట్టించుకోక ఇతనిని అభిమానించారు.

ఇతనికి శకునాల మీద విపరీతమైన నమ్మకం ఉండేది. డగౌట్ ముందు కాగితం ముక్కలు కనబడితే సహించేవాడు కాడు. ఇది తెలిసిన ప్రత్యర్థులు కావాలనే కాగితాలు చించి అక్కడ చల్లేవారు. తన జట్టు వరుసగా హిట్లు కొడుతున్నప్పుడు తాను ఏ భంగిమలో ఉంటే ఆ భంగిమలోనే కదలకుండా ఉండిపోయేవాడని చెబుతారు.

కుటుంబం, మరణం

జార్జియా రాష్ట్రంలోని హాడక్ వద్ద ఇతనికి ద మెడోస్ అనే వ్యవసాయ క్షేత్రం ఉండేది. సీజన్ ముగిసిన తరువాత అక్కడే నివసించేవాడు. ఇతని కుమారుడు వెర్నన్ స్టాలింగ్స్ యానిమేషన్ చిత్రాల దర్శకుడిగా పేరు పొందాడు.

గుండె జబ్బుతో బాధపడుతూ స్టాలింగ్స్ 1929 మే 13న హాడక్‌లో 61 ఏళ్ళ వయసులో మరణించాడు. మేకన్ నగరంలోని రివర్‌సైడ్ శ్మశానవాటికలో ఇతనిని ఖననం చేశారు. గుండె ఎందుకు ఇలా పాడయిందని వైద్యుడు అడగగా, పిచర్లు ప్రత్యర్థులకు ఉచితంగా మొదటి బేస్ ఇవ్వడమే కారణమని ఇతడు తిట్టుకుంటూ జవాబిచ్చాడన్న కథ బేస్‌బాల్ లోకంలో ప్రచారంలో ఉంది.

మేనేజరుగా గణాంకాలు

(సంవత్సరం, జట్టు, విజయాలు-ఓటములు)

* 1897 - ఫిలడెల్ఫియా ఫిల్లీస్ - 55-77
* 1898 - ఫిలడెల్ఫియా ఫిల్లీస్ - 19-27 (మధ్యలో తొలగింపు)
* 1901 - డెట్రాయిట్ టైగర్స్ - 74-61
* 1909 - న్యూయార్క్ హైలాండర్స్ - 74-77
* 1910 - న్యూయార్క్ హైలాండర్స్ - 78-59 (మధ్యలో నిష్క్రమణ)
* 1913 - బోస్టన్ బ్రేవ్స్ - 69-82
* 1914 - బోస్టన్ బ్రేవ్స్ - 94-59 (వరల్డ్ సీరీస్ విజేత)
* 1915 - బోస్టన్ బ్రేవ్స్ - 83-69
* 1916 - బోస్టన్ బ్రేవ్స్ - 89-63
* 1917 - బోస్టన్ బ్రేవ్స్ - 72-81
* 1918 - బోస్టన్ బ్రేవ్స్ - 53-71
* 1919 - బోస్టన్ బ్రేవ్స్ - 57-82
* 1920 - బోస్టన్ బ్రేవ్స్ - 62-90
* మొత్తం - 879-898

ప్రాముఖ్యత

మొత్తం మీద స్టాలింగ్స్ గెలిచిన ఆటల కంటే ఓడినవే 19 ఎక్కువ. 1914 సీజన్‌ను మినహాయిస్తే ఆ తేడా 54కు పెరుగుతుంది. ఎవర్స్ 1946లో, మారన్‌విల్ 1954లో బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎంపికయ్యారు. స్టాలింగ్స్‌కు ఆ గౌరవం దక్కలేదు. అయినా సీజన్ మధ్యలో చతికిలబడిన జట్టు గురించి మాట్లాడే ప్రతిసారీ అమెరికాలో 1914 బ్రేవ్స్ ప్రస్తావన వస్తుంది. ఇతడు క్రమపద్ధతిలో అమలుచేసిన ప్లాటూన్ విధానాన్ని తరువాతి తరం మేనేజర్లు సర్వసాధారణంగా వాడుకున్నారు.